దుఃఖము – ఔషధము – దేహము
(పాఠశాల తలిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇట్టి సభలలో పిల్లల చదువును గూర్చి మాటలాడుట వాడుక. ఈ పర్యాయము పిల్లలను పెంచు పెద్దల ఆరోగ్యమును గూర్చి కొన్ని మాటలు చెప్పదలచితిమి. ఇంటి పెద్ద మంచము పట్టినచో ఆ యింటి పిల్లవాని చదువు కూడ మంచము పట్టునని మీకు వేరుగా చెప్పనక్కరలేదు.

మేము చెప్పదలచిన విషయ మొక్కటే. జీవితమున వచ్చిపడు పెద్ద కష్టములు దేహముపై తమ గురుతులను విడుచును. ఆ దేహమును బాగుచేయుటకై యిచ్చు ఔషధములును తమ గురుతులను విడుచును. ఈ రెండింటి లెక్కయు వైద్యుని యెదుట చేరినప్పుడే చికిత్స సరియైన త్రోవను నడచును.

మనోవ్యాధికి మందు లేదని మన పెద్దల సామెత. వ్యాధి మనస్సుతోనే ఆగిపోదని దేహశాస్త్రము చూపినది. 1936లో మాంట్రియల్ నగరమున హాన్స్ సెల్యే అను శాస్త్రజ్ఞుడు ఎలుకలను చలిలో నుంచియు, గాయపరచియు, మితిమీరి శ్రమపెట్టియు పరీక్షించెను. బాధ యేదైనను ఫలిత మొక్కటియే: మూత్రపిండములపై టోపీవలె అమరియుండు అడ్రినల్ గ్రంథులు ఉబ్బినవి, రోగనిరోధమునకు తోడ్పడు థైమస్ గ్రంథి కుంచించుకొనిపోయినది, జీర్ణాశయమున పుండ్లు పడినవి.

ఆపద కలిగినప్పుడు మెదడు పంపు ఆజ్ఞను అనుసరించి ఈ అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్, కార్టిసాల్ అను రసములను నెత్తురులోనికి విడుచును. గుండె వేగముగా కొట్టుకొనును, రక్తపోటు హెచ్చును, నెత్తురున చక్కెర పెరుగును. పాము కనబడినప్పుడు పరుగెత్తుటకు ఇది మేలే. పాము పోయిన పిదప దేహము నెమ్మదించును. కాని తీరని అప్పు గల గృహస్థునకు, మంచము పట్టిన అత్తగారికి ఏండ్ల తరబడి సేవచేయు కోడలికి ఆ పాము ఇల్లు విడిచి పోదు. మేలు చేయవలసిన రసమే నిత్యము ప్రవహించి కీడు చేయ నారంభించును.

ఇది ఊహ కాదు. అమెరికాలో మతిభ్రంశము కలిగిన బంధువులకు సేవచేయుచున్న 13 మంది స్త్రీలకును, అట్టి భారము లేని మరి 13 మందికిని చేతిపై ఒకే కొలత గల చిన్న గాయము చేసి చూచిరి. 1995లో ప్రకటితమైన ఫలితము ననుసరించి, సేవచేయు స్త్రీలకు గాయము మానుటకు సగటున 9 దినములు ఎక్కువ పట్టినది. మరి మూడేండ్లకు దంతవైద్య విద్యార్థులను పరీక్షింపగా, సెలవులలో చేసిన గాయముకంటె పరీక్షల ముందు చేసిన గాయము మానుటకు నూటికి 40 వంతులు అధిక కాలము పట్టినది. పిల్లలను మార్కులకై తరుము తలిదండ్రులు ఈ సంగతిని కొంచెము ఆలోచింతురు గాక!

శోకమే కాదు, శుభకార్యము కూడ దేహమునకు బరువే. 1967లో హోమ్స్, రాహే అను అమెరికా వైద్యులు 43 జీవిత ఘట్టములకు మార్కులు కట్టి ఒక పట్టిక వెలువరించిరి. భార్య లేక భర్త మరణమునకు 100, వివాహమునకు 50, ఇల్లు మారుటకు 20, పాఠశాల మారుటకును 20. ఈ పట్టిక జాతకచక్రము కాదు. మార్కులు ఎక్కువైన వారందరును జబ్బుపడుదురని దాని యర్థము కాదు. మార్పు అనునది మంచిదైనను దేహము దానికి మూల్యము చెల్లించునని మాత్రము అది తెలుపుచున్నది.

హఠాత్తుగా వచ్చిన దుఃఖవార్తకు గుండె ఆగినంత పని యైనదని మనము వాడుకగా అందుము. 1990లో జపాను వైద్యులు నిజముగనే అట్టి హృద్రోగమును వర్ణించిరి. గుండె యొక భాగము అకస్మాత్తుగా బలహీనపడి, ఆ దేశమున అష్టపాదిని పట్టు కుండవలె ఉబ్బుటచేత దానికి టాకోట్సుబో అని పేరు పెట్టిరి. నడివయస్సు దాటిన స్త్రీలలో ఇది యెక్కువ. చాలమంది కొలది వారములలో కోలుకొందురు. కాని లక్షణములు గుండెపోటువలెనే యుండును గనుక, దుఃఖమువలన వచ్చిన నొప్పియని ఇంటనే కూర్చుండరాదు. తక్షణము ఆసుపత్రికి పోవలెను.

ఇంకొక హెచ్చరిక కూడ అవసరము. ప్రతి వ్యాధిని చింత నెత్తిన రుద్దరాదు. కడుపులోని పుండ్లు దిగులువలననే వచ్చునని చాలకాలము నమ్మిరి. ఆస్ట్రేలియా వైద్యులు వారెన్, మార్షల్ అనువారు వాటిలో అధికభాగమునకు ఒక సూక్ష్మక్రిమి కారణమని నిరూపించి 2005లో నోబెల్ బహుమతి పొందిరి. రోగితో “నీ దిగులే నీ జబ్బు” అనుట వైద్యము కాదు, నింద.

ఇక ఔషధముల సంగతి. ఇంతకు ముందు చెప్పిన కార్టిసాల్ కుటుంబమునకు చెందిన కార్టిసోన్‌ను 1948లో అమెరికాలోని మేయో వైద్యశాలలో ఫిలిప్ హెంచ్ కీళ్లవాతపు రోగికి ఇయ్యగా, కదలలేని మనిషి కొలది దినములలో నడచెను. 1950లో ఆయనకును, మరి యిద్దరికిని నోబెల్ బహుమతి లభించెను. నేడు ఉబ్బసమునకు, కీళ్లవాతమునకు, తీవ్రమైన చర్మవ్యాధులకు ఇచ్చు స్టెరాయిడు మందులు ఈ జాతివే. 2020లో కోవిడ్ వ్యాధి తీవ్రమై ప్రాణవాయువు అవసరమైన వారిలో డెక్సామెథసోన్ మరణములను తగ్గించెను. ఆ మరుసటి యేడు మన దేశమున నల్లఫంగస్ విజృంభించినప్పుడు, అదుపులేని చక్కెర వ్యాధితోపాటు స్టెరాయిడుల మితిమీరిన వాడకము కూడ కారణమని వైద్యులు గుర్తించిరి. ఒకే మందు వేళ యెరిగి యిచ్చిన ప్రాణము, వేళ తప్పిన గండము.

స్టెరాయిడు మాత్రలను చాలకాలము వాడినచో ఎముకలు పలుచబడును, చక్కెర పెరుగును, కండ్లలో శుక్లములు రావచ్చును. ఇది విని భయపడి మందును ఒక్కసారిగా మానుట మరింత ప్రమాదము. బయటినుండి రసము వచ్చుచుండుటచే అడ్రినల్ గ్రంథులు పని మాని నిద్రించుచుండును. అవి మేలుకొనునంతవరకు వైద్యుని సలహాతో మెల్లమెల్లగా తగ్గించుకొనవలెను.

మన తెలుగువాడు గర్వింపదగిన మందు నొకదానిని కూడ చెప్పుదుము. భీమవరమున 1895లో జన్మించి, చెన్నపట్టణమున వైద్యము చదివిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసినది. దానికి ఎదురుగా పనిచేయు అమినోప్టెరిన్‌ను కూడ సిద్ధపరచినది. రక్తపు క్యాన్సరు గల పిల్లలలో దీనివలన కొందరికి తాత్కాలికముగా గుణము కనిపించెనని సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించెను. దాని తోబుట్టువగు మెతోట్రెక్సేట్‌ను నేడు కీళ్లవాతమునకు వారమున కొక్క దినము మాత్రమే ఇత్తురు. పొరపాటున ప్రతిదినము మ్రింగినచో ప్రాణాపాయము. దాని కీడు తగ్గించుటకై వైద్యులు తోడుగా ఇచ్చునది ఫోలిక్ ఆమ్లమే. ‘వారమునకు ఒకసారి’ అను చిన్న మాట చెవిని సరిగా పడుటపై ఒక ప్రాణము ఆధారపడియున్నది.

ఇచ్చటనే మనబోటి వారి కష్టమున్నది. ఇంట మన భాష తెలుగు. హోసూరున వైద్యుడు తమిళమున, బళ్ళారిలో కన్నడమున, బరంపురమున ఒడియాలో అడుగును. ఇంటి ముసలమ్మకు తోడుగా ఆరవ తరగతి పిల్లవాడు పోయి దుబాసీ యగును. ఆమె దడ యనును, తిమ్మిరి యనును, ఒంట్లో ఆవిరి యనును. పిల్లవాడు అన్నిటిని ‘నొప్పి’ యను ఒక్క మాటతో ముగించును. కొడుకు పోయిన నాటినుండి తనకు నిద్ర లేదని ఆ తల్లి మనుమని యెదుట చెప్పునా? చెప్పినను ఆ పసివాడు ఆ బరువును మోయగలడా? దుఃఖపు లెక్క ఇంటనే మిగిలిపోవును; మందుల లెక్క త్రోవలో జారిపోవును.

కావున మా విన్నపములు నాలుగు. ఇంట పెద్దలకు ఒక్కొక్క నోటుపుస్తకము పెట్టి, వాడు మందుల పేర్లు, మోతాదు, వేళ తెలుగునను స్థానిక భాషలోను వ్రాయుడు. గత రెండేండ్లలో ఇంట జరిగిన మరణము, వలస, ఉద్యోగనష్టము వంటివి కూడ అందు చేర్చుడు. ఆసుపత్రికి పిల్లలను దుబాసీలుగా పంపక, రెండు భాషలు తెలిసిన పెద్దవారిని తోడు తీసికొనిపొండు. వైద్యుని అడుగక ఏ మందును ప్రారంభింపకుడు, మానకుడు.

పాఠశాల వారికి ఒక మనవి. శరీర బాధలను తెలుపు మాటలను ఉభయ భాషలలోను పిల్లలకు నేర్పుడు. అది పరీక్షకు రాకపోవచ్చును. ఒకనాడు వారు పెద్దవారై తమ తల్లిని ఆసుపత్రికి తీసికొనిపోయినప్పుడు అక్కరకు వచ్చును. మాతృభాష పాటలకును, పండుగలకును మాత్రమే కాదు. బాధను ఉన్నది ఉన్నట్లు చెప్పుకొనుటకును మనకు కావలెను.