చెక్క మీద చెక్క: ఇంజినీర్డ్ హార్డ్‌వుడ్ వేయించే ముందు కింద ఏం చూడాలి

అమెరికాలో కొత్తగా ఇల్లు కొన్న మనవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే: "అన్నా, కార్పెట్ తీసేసి ఇంజినీర్డ్ హార్డ్‌వుడ్ వేయిద్దామనుకుంటున్నాం, ఏ రంగు బాగుంటుంది?" రంగు మీ ఇష్టం. నేను అడిగేది ఒక్కటే, కార్పెట్ కింద ఏముంది?

డాలస్ వైపు చాలా ఇళ్లకి కింద అంతా కాంక్రీటు స్లాబు, పై అంతస్తుకి మాత్రమే చెక్క. న్యూజెర్సీలో బేస్‌మెంట్ ఉన్న ఇళ్లలో అయితే కింది హాలు కూడా చెక్క మీదే ఉంటుంది. జాయిస్టులనే దూలాలు, వాటి మీద ప్లైవుడ్ గానీ ఓఎస్‌బీ గానీ షీట్లు. అదే సబ్‌ఫ్లోర్. ఈ రోజు దాని గురించే. స్లాబు సంగతి వేరే.

ఇంజినీర్డ్ పలకకి పైన పలచగా అసలైన చెక్క, కింద ప్లైవుడ్‌లా అడ్డంగా నిలువుగా అతికించిన పొరలు. అందుకే తేమకి తక్కువ కదులుతుంది. తక్కువ అన్నాను, కదలదు అనలేదు. షాపులో ఈ తేడా గట్టిగా చెప్పరు.

కాబట్టి ముందు తేమ. పిన్ మీటర్ అని చిన్న పరికరం, రెండు సూదులు చెక్కలోకి గుచ్చితే శాతం చూపిస్తుంది. సబ్‌ఫ్లోర్ 12 శాతం దాటకూడదు. 3 అంగుళాలు, అంతకంటే వెడల్పు పలకలైతే పలకకీ సబ్‌ఫ్లోర్‌కీ మధ్య తేడా 2 శాతం లోపు ఉండాలి. ఒక్క చోట గుచ్చి సరే అనేస్తే కుదరదు. వెయ్యి చదరపు అడుగులకి కనీసం 20 చోట్ల చూడాలి, ముఖ్యంగా బయటి గోడల పక్కన, కిచెన్ సింక్ దగ్గర. తడి చెక్క మీద మేకులు కొట్టేస్తే కొన్నాళ్లకి పలకల అంచులు పైకి లేస్తాయి. అప్పుడు వారంటీ అడిగితే కంపెనీవాళ్ల మొదటి ప్రశ్న, వేసిన రోజు రీడింగులు ఏవి? అందుకే ప్రతి రీడింగూ ఫోన్లో ఫొటో తీసుకోండి. ఇది మాత్రం మర్చిపోవద్దు.

ఇంటి కింద క్రాల్ స్పేస్ ఉంటే ప్లాస్టిక్ షీటు మట్టి మీద పరవాలి, సబ్‌ఫ్లోర్ మీద కాదు. పైన పరిస్తే తేమ చెక్కలోనే చిక్కుకుంటుంది.

తర్వాత సమతలం. 10 అడుగుల పొడవులో 3/16 అంగుళం, అంటే దాదాపు 5 మిల్లీమీటర్ల తేడా దాకా పర్వాలేదు. ఓఎస్‌బీ తడిసిందంటే షీట్ల అంచులు ఉబ్బుతాయి, అక్కడ సాండర్‌తో గీకించాలి. ఇక కిర్రుమనే చప్పుడు. ఖాళీ గదిలో చెప్పులు లేకుండా ఒకసారి నడవండి. ఎక్కడ కిర్రుమంటే అక్కడ చాక్‌పీస్‌తో గుర్తు పెట్టి, షీటు నుంచి జాయిస్టులోకి దిగేలా స్క్రూలు వేయించండి. పైన పలకలు పడ్డాక ఈ పని చేయాలంటే మళ్లీ పలకలు పీకాలి.

ఇవన్నీ అయ్యాక పలకలు వేయడం నిజానికి సులువైన భాగం. జాయిస్టులకి అడ్డంగా వేయాలి, గోడల చుట్టూ కంపెనీ చెప్పినంత ఖాళీ వదలాలి, ఒకేసారి మూడు నాలుగు పెట్టెలు తెరిచి రంగులు కలుపుకుంటూ పోవాలి. పెట్టెలు ఇంట్లో ఎన్ని రోజులు ఉంచాలి అంటారా? కొన్ని కంపెనీలు వేసే దాకా పెట్టె తెరవొద్దంటాయి. కాబట్టి మా ఫ్రెండు చెప్పాడు అని కాకుండా మీ పెట్టెలో వచ్చిన కాగితం చదవండి.

ఒకవేళ పనివాళ్లు ట్రక్కు దిగిన గంటలోనే మేకుల గన్ తీశారనుకోండి. మొహమాటపడకండి. "మీటర్ తెచ్చారా అండీ?" అని అడగండి. లేదంటే ఆ రోజుకి పని ఆపించండి.

సరే, వచ్చే ఎపిసోడ్‌లో మెట్లు చూద్దాం. ఉంటాను మరి.