పాల వ్యానులో ఆల్టర్నేటరు ఎందుకు కాలుతుంది?
(రూటు వ్యాన్లు నడుపుతున్న సంఘాల సమావేశంలో ఒక వాహన పర్యవేక్షకుని ప్రసంగ పాఠం)



పొద్దున్నే పాలు పోసి మీరు ఇంటికి వెళ్ళిపోతారు. ఆ తరువాత ఆ పాల మంచిచెడ్డలు వ్యానుదే. ఒక వేసవిలో మా రూటు వ్యాను దారిలో మొరాయించింది. శీతల కేంద్రం చేరేసరికి క్యానులు పులిశాయి. ఆ పూట నష్టం డ్రైవరుకు కాదు, పాలు పోసినవారికి.

ఆ వ్యానుకు రెండు బ్యాటరీలు. ఒకటి ఇంజను స్టార్టు చేయడానికి, రెండవది పాల పరీక్ష యంత్రానికి, చీకటిలో దీపాలకు. (లారీలలో రెండింటిని వరుసగా కలిపి 24 వోల్టులు చేస్తారు. అది వేరు. ఇది 12 వోల్టుల బండి.) ఆల్టర్నేటరు చెయ్యి పెట్టలేనంతగా కాలేది. వర్కుషాపులో దానిని మార్చారు. కొత్తదీ అలాగే కాలసాగింది.

ఇంజను ఆపి, రెండు బ్యాటరీలను విడదీసి, కొన్ని గంటల తరువాత మీటరు పెట్టి చూశాము. నిండిన బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపాలి, 12.2 అంటే సగమే. మా రెండవ బ్యాటరీ 10.5 చూపింది. ఆరు సెల్లులలో ఒకటి చచ్చిందన్నమాట. అది ఎంత పోసినా నిండని చిల్లు క్యాను. పైగా బండి ఆగినప్పుడు మంచి బ్యాటరీని కూడా పీల్చేది. స్టార్టు కాదేమోనని డ్రైవరు ప్రతి కేంద్రం దగ్గర ఇంజను ఆపకుండా ఉంచేవాడు. అప్పుడు ఆల్టర్నేటరు ఫ్యాను నెమ్మదిగా తిరుగుతుంది, వేడి బయటకు పోదు, లోపలి డయోడులు మాడతాయి.

మీ బండిలో ముందు బెల్టు చూడండి. ఇంజను ఆపి బొటనవేలితో నొక్కితే అర అంగుళం దిగాలి. వదులైతే జారుతుంది, మరీ బిగిస్తే బేరింగు పోతుంది. తరువాత ఇంజను నడుస్తుండగా ఆల్టర్నేటరు దగ్గర, బ్యాటరీ దగ్గర వోల్టేజి చూడండి. అక్కడ 14.2 ఉండి ఇక్కడ 13.2 ఉంటే దోషం ఆల్టర్నేటరులో లేదు. సన్నని వైరులోనో, పొడి పట్టిన టెర్మినలులోనో, ఎర్తులోనో ఉన్నది. 15 దాటితే రెగ్యులేటరును అనుమానించాలి.

ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి పరీక్షించే అలవాటు పాత డైనమోల నాటిది. ఆల్టర్నేటరు ఉన్న బండిలో ఆ పని చేస్తే డయోడులు పోతాయి. దయచేసి ఎవరినీ చేయనీయవద్దు. పూర్తిగా దిగిన బ్యాటరీని సంఘం గదిలో కరెంటు చార్జరుతోనే నింపండి. దగ్గర బీడీ వెలిగించవద్దు.

మేము రెండవ బ్యాటరీ కొత్తది వేసి, లావు వైరు లాగి, ఇంజను ఆగగానే రెండింటినీ విడదీసే రిలే, ఒక ఫ్యూజు పెట్టించాము. ఆల్టర్నేటరు మళ్ళీ మార్చలేదు.