చేయిపట్టి దిద్దించు చదువు



తెలుగువారి ఇండ్లలో బిడ్డకు చదువు పుస్తకముతో ప్రారంభము కాదు. పళ్ళెరములోని బియ్యముపై పెద్దలొకరు ఆ చిన్ని వ్రేలిని పట్టి దిద్దించుటతో ప్రారంభమగును. అక్షరాభ్యాసమను ఈ ఆచారములో ఒక విద్యాసత్యము ఇమిడియున్నది. మొదటి అక్షరము వినినంతనే రాదు, చూచినంతనే రాదు. చేయిపట్టి నేర్పువారు కావలెను. మహమ్మారి వలన బడులు మూతపడినపుడు ఈ సత్యము మరల తెలియవచ్చినది.

చదువు ఇంటికి తరలివచ్చుట 2020లో క్రొత్తగా జరిగినది కాదు. 1937 సెప్టెంబరులో అమెరికాలోని చికాగో నగరమున పోలియో వ్యాధి ప్రబలెను. పసివారిని అవిటివారిని చేయు ఆ వ్యాధికి అప్పటికి టీకా లేదు. అధికారులు పాఠశాలలు తెరచుట వాయిదా వేసిరి. ఆరు రేడియో కేంద్రములు ప్రసారకాలమును ఉచితముగా ఇచ్చినవి. 15 నిమిషములకొక పాఠము. సోమ, బుధ, శుక్రవారములలో సాంఘిక, ప్రకృతి శాస్త్రములు. మంగళ, గురు, శనివారములలో ఆంగ్లము, గణితము. కార్యక్రమ పట్టిక వార్తాపత్రికలలో వెలువడెడిది. సందేహములు తీర్చుటకు టెలిఫోనుల వద్ద ఉపాధ్యాయులు కూర్చుండిరి. మూడు లక్షలకు పైబడిన విద్యార్థుల కొరకు చేసిన ఈ ఏర్పాటు ఆనాటి సాధనములతో మెచ్చదగిన ప్రయత్నమే. అయినను ఇంట రేడియో లేనివారికిని, ప్రసారము సరిగా వినరానివారికిని అది అందలేదు. ఆ పాఠములును మూడవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వరకే. అంతకు చిన్నవారికి లేవు.

ఆ పిమ్మట 83 సంవత్సరములకు, 2020 మార్చిలో, కోవిడ్ వ్యాధి కారణముగా భారతదేశమున పాఠశాలలు మూతపడినవి. చికాగో బాలురు బడికి దూరమైనది సుమారు మూడు వారములు. ఇచట అనేక రాష్ట్రములలో చిన్న తరగతుల పిల్లలు ఏడాదికి పైగా బడి ముఖము చూడలేదు. రేడియో స్థానమున టెలివిజను, చేతిఫోను ప్రధానమైనవి. తెలంగాణమున 2020 సెప్టెంబరు 1వ తేదీనుండి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠములు ప్రసారమైనవి. అవియు మూడవ తరగతినుండియే! సాధనము మారినది, హద్దు మాత్రము మారలేదు.

ఇంట ఫోనున్నంత మాత్రమున చదువున్నదనుకొనరాదు. 2021లో జరిగిన 'అసర్' గ్రామీణ సర్వే ప్రకారము బడిలో పేరున్న పిల్లలలో మూడింట రెండు వంతులకు మించి స్మార్ట్‌ఫోనుగల ఇండ్లవారే. కాని అట్టి పిల్లలలోనే నాలుగవ వంతుకు మించినవారికి అది చేతికి దొరకలేదు. తండ్రి పనికి వెడలిన ఫోనును వెంట వెడలును; అన్న పాఠము వినుచున్నంతసేపు చెల్లెలి పాఠము ఆగును.

ఫలితము అంకెలలో కనబడినది. గ్రామీణ ప్రభుత్వ పాఠశాలలలో మూడవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠమును చదువగలవారు 2018లో నూటికి 20.9 మంది, 2022లో 16.3 మంది. ఈ 2022 నాటి పిల్లలు ఎవరు? సాధారణముగా 2020లో ఒకటవ తరగతిలో చేరవలసినవారు. పలకపై దిద్దవలసిన కాలమును ఇంట గడపినవారు.

బడులు తెరచిన పిమ్మట పరిస్థితి చక్కబడసాగెను. మూడవ తరగతి నాటికి ప్రతి బిడ్డయు చదువను, లెక్కింపను నేర్వవలెనని 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వము 'నిపుణ్ భారత్' కార్యక్రమమును ప్రారంభించెను. 2024లో ఆ అంకె 23.4కు చేరినది. ఇది ఊరట కలిగించునది. కాని నూటికి డెబ్బదియారుగురికి పైగా ఇంకను చదువలేకుండుట సంతోషింపదగినది కాదు. అదిగాక, 2024లో మూడవ తరగతిలోనున్నవారు వేరు పిల్లలు. 2022 నాటివారు అప్పటికి ఐదవ తరగతికి చేరిరి. తరగతి ముందుకు సాగినంత మాత్రమున జారిన అక్షరము వెంట రాదు. వారిని మరచుట అన్యాయము.

యంత్రసాధనములను నిందింపబనిలేదు. చదువ నేర్చిన విద్యార్థికి తెరపై పాఠము మేలు చేయును. అర్థము కానిది మరల మరల వినవచ్చును. చదువ నేర్వని పసివానికి మాత్రము గురువు చెంత నుండవలెను. కర్ణాటకమున 2020లో 'విద్యాగమ' పేర ఉపాధ్యాయులు పిల్లల చెంతకే వెళ్ళి, చిన్న గుంపులుగా ఆరుబయట కూర్చుండబెట్టి బోధించిరి. వ్యాధిభయముచే అక్టోబరులో దానిని నిలుపవలసివచ్చెను. ప్రాణరక్షణము, అక్షరరక్షణము రెండును ఒక్కమారు సాధించుట ఎంత కష్టమో దీనివలన తెలియును. అయినను మరల అట్టి ఆపద వచ్చిన, మూతపడిన బడి తలుపులు మొదట తెరువవలసినది చిన్న తరగతులకే.

ఉద్యోగరీత్యా తెలుగునాడు విడిచి దూరప్రాంతములలో కాపురముండు కుటుంబములకు ఇందులో వేరొక పాఠమును కలదు. అచటి బడులు పెక్కింట తెలుగు బోధింపబడదు. బిడ్డకు తెలుగు రావలెనన్న ఇల్లే బడి. తల్లియో, తండ్రియో, అమ్మమ్మయో గురువు. ఫోనులోని అక్షరమాల వారికి తోడు కావచ్చును గాని, వారికి బదులు కాజాలదు. దినమునకొక అరగంట బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, పలకపై చేయిపట్టి దిద్దించు ఇంట తెలుగు నిలుచును.