రాచపుండుపై సూక్ష్మజీవుల సాయము



బాక్టీరియా యనగానే మనకు కలరాయు, క్షయయు స్ఫురించును. ఆ జాతియందే రాచపుండును, అనగా కాన్సరును, ఎదిరించు ద్రవ్యములు గలవనిన వింతగా తోచవచ్చును. కాని యది సత్యము.

ఈ కథకు పూర్వరంగమున మన తెలుగువాడు గలడు. 1895లో భీమవరమున జన్మించిన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు అధిపతిగా నుండగా, ఆయన బృందము అమినోప్టెరిన్ అను మందును సిద్ధపరచెను. రక్తపు కాన్సరు గల పిల్లలకు దానినీయగా కొందరిలో వ్యాధి తాత్కాలికముగ తగ్గెనని బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించెను. ఆ యేటనే సుబ్బారావుగారు కీర్తిశేషులైరి. వ్యాధికణము పెరుగుటకు వలసిన ఫోలిక్ ఆమ్లము పనిని అడ్డగించుటయే ఆ మందులోని కీలకము.

తరువాతి యడుగు వేరొక దిక్కునుండి పడినది. గినీపంది రక్తరసము చుంచులలోని ఒక విధమైన కాన్సరును కరగించుచున్నదని 1953లో కిడ్ కనుగొనెను. అందుకు కారణము ఆస్పరాజినేజ్ అను మాంసకృత్తని 1961లో బ్రూమ్ చూపెను. కాని రోగులందరకు చాలునంత మందు గినీపందులనుండి యెట్లు లభించును? మన ప్రేగులలో నివసించు ఈ.కోలై బాక్టీరియానుండి వచ్చు ఆస్పరాజినేజునకును అదే గుణము గలదని 1964లో మాష్‌బర్న్, రిస్టన్ అనువారు తెలిపిరి. అమెరికా ప్రభుత్వము 1978లో ఈ మందునామోదించెను.

ఇది యెట్లు పనిచేయును? సొంత బావి గల రైతు కాలువ యెండినను పైరు నిలుపుకొనును; కాలువనే నమ్మిన రైతు పైరు మాడిపోవును. ఆస్పరాజిన్ అను ఆహారాంశమును మన మంచి కణములు తామే తయారుచేసికొనును. ఒక జాతి రక్తపు కాన్సరు కణములకు ఆ నేర్పు చాలదు. అవి రక్తములో పారు దానినే నమ్మియుండును. ఈ మాంసకృత్తు ఆ కాలువను ఎండగట్టును.

అయినను ఇది సర్వరోగ నివారిణి కాదు. కొందరి శరీరము దానికి ఎదురుతిరుగును. క్లోమమునకు వాపు రావచ్చును, రక్తము గడ్డకట్టవచ్చును. కావున వైద్యుల పర్యవేక్షణలో, ఇతర మందులతో కలిపియే దీనినిత్తురు. షికాగోలో ఆనందమోహన చక్రవర్తి, తాపస్ దాస్ గుప్తా మొదలగువారు అజూరిన్ అను మరియొక బాక్టీరియా మాంసకృత్తును పరిశోధించిరి. అందలి చిన్న భాగమును 15 మంది రోగులపై పరీక్షించిన ఫలితములు 2013లో వెలువడినవి. అది పరీక్షయే గాని సిద్ధమైన మందు కాదు. దాని పేర మందులమ్మువారిని నమ్మరాదు.

సంపన్న దేశములలో నేడు ఈ వ్యాధి సోకిన పిల్లలు నూటికి సుమారు 90 మంది బ్రతుకుచున్నారు. చికిత్స రెండు మూడేండ్లు సాగును. బిడ్డ తేరుకొనెనని నడుమ మానినచో వ్యాధి తిరిగి రాగలదు. విడువని జ్వరము, పాలిపోయిన ముఖము, దెబ్బ లేకయే కమిలిన మచ్చలు, ఎముకల నొప్పి కనబడినచో తాయెత్తులతో కాలము గడపక రక్తపరీక్ష చేయింపవలెను. హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ పేరిట ప్రభుత్వ కాన్సరు ఆసుపత్రి గలదు. ఆత్మకూరునుండి అచటికి ప్రయాణము దూరమే. కాని ఆలస్యము అంతకన్న ప్రమాదము. చదువనేర్చినవారు ఈ సంగతిని చదువురాని పొరుగువారికి చెప్పినప్పుడే గ్రంథాలయము చేసిన సేవ సార్థకమగును.