పదిహేను మెట్ల కింది గది
(స్మారకోపన్యాసం)



ఈ ఉపన్యాసం ఏటా ఎవరి పేరున జరుగుతోందో ఆయన పాడలేదు, వాయించలేదు. మన గానసభను నడిపారు. హాలు మాట్లాడటం, చందాలు పోగుచేయడం, మృదంగ విద్వాంసుడి రైలు ఆలస్యమైతే స్టేషన్లో పడిగాపులు కాయడం, కచేరీ ముగిశాక అందరూ విద్వాంసుడి చుట్టూ మూగితే తాను వెనక నిలబడి అద్దె కుర్చీలు లెక్కపెట్టించడం ఆయన పని. అలాంటి మనిషిని తలచుకునే రోజున ఒక గది గురించి, ఆ గదిని నడిపిన దంపతుల గురించి మాట్లాడాలనిపించింది. గది న్యూయార్కులో ఉంది. పేరు విలేజ్ వాన్‌గార్డ్. అక్కడ వాయించేది జాజ్.

జాజ్ మనకెందుకని ముందు వరసలో ఒకరిద్దరి ముఖాలు అడుగుతున్నాయి. ఒక పాట వరస తీసుకుంటారు, దాని మీద అప్పటికప్పుడు మనోధర్మంతో, వంతులవారీగా వాయిస్తారు. డ్రమ్ములవాడికి తని కూడా వదులుతారు. ఈ సాయంత్రానికి అంత తెలిస్తే చాలు.

మాన్‌హటన్‌లో గ్రీనిచ్ విలేజ్ అనే పేట. సెవెంత్ ఎవెన్యూ సౌత్, 178 నంబరు. రోడ్డు మీద ఒక ఎర్ర తలుపు, తీస్తే కిందికి పదిహేను మెట్లు, దిగితే నేలమాళిగ. గది చదరం కాదు, ముక్కోణం. వెడల్పు వైపు బారు, సన్నబడ్డ కొసన వేదిక. తక్కువ ఎత్తు కప్పు, చిన్న చిన్న బల్లలు, గోడల నిండా అక్కడ వాయించినవాళ్ళ ఫొటోలు. పట్టేది 123 మంది. అమెరికాలో మద్యనిషేధం ఉన్న రోజుల్లో అది గోల్డెన్ ట్రయాంగిల్ అనే దొంగచాటు సారా కొట్టు. దాన్ని 1935 ఫిబ్రవరిలో అద్దెకు తీసుకున్నవాడు మాక్స్ గోర్డన్.

గోర్డన్ 1903లో, అప్పటి రష్యా సామ్రాజ్యంలోని స్విర్ అనే ఊళ్ళో, యూదు కుటుంబంలో పుట్టాడు. ఇప్పుడా ఊరు బెలారూస్‌లో ఉంది. చిన్నప్పుడే కుటుంబం అమెరికాకు వలస వెళ్ళి, ఒరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లండ్‌లో స్థిరపడింది. అక్కడి రీడ్ కాలేజీలో 1924లో డిగ్రీ. కొడుకు లాయరవుతాడని ఇంట్లోవాళ్ళు ఆశపడ్డారు. కొలంబియాలో లా చదవడానికి న్యూయార్కు వచ్చినవాడు చదువు మానేసి, ఆ పనీ ఈ పనీ చేస్తూ, రాత్రిళ్ళు విలేజ్‌లోని కాఫీ కొట్లలో కవులతో కాలక్షేపం చేశాడు. కవులు కూర్చోవడానికి ఒక చోటుంటే బాగుంటుందని 1934లో చార్లెస్ స్ట్రీట్‌లో చిన్న దుకాణం తెరిచాడు. ఆటపాటలకు పోలీసులు లైసెన్సు ఇవ్వలేదు. రెండు మరుగుదొడ్లు, రెండు ద్వారాలు ఉండాలి, గుడికీ బడికీ 200 అడుగుల దూరంలో ఉండాలి అన్నారు. అవన్నీ కుదిరిన చోటు వెతుక్కుంటూ పోతే ఈ ముక్కోణం దొరికింది. ఆ రెండు మరుగుదొడ్ల నిబంధనే లేకపోతే జాజ్ చరిత్ర కొంత వేరుగా ఉండేదేమో!

మొదట్లో అక్కడ జాజ్ లేదు. కవులు లేచి పద్యాలు చదివేవారు, విన్నవాళ్ళు చిల్లర విసిరేవారు. 1939 ప్రాంతంలో రెవ్యూయర్స్ అనే హాస్య బృందం వచ్చింది. అందులోని జూడీ హాలిడే తర్వాత ఆస్కార్ అందుకుంది. బెటీ కాండెన్, అడాల్ఫ్ గ్రీన్ సినిమాలకూ నాటకాలకూ పేరున్న రచయితలయ్యారు. వాళ్ళకు అప్పుడప్పుడు పియానో వాయించిపెట్టిన కుర్రాడు, తర్వాత పేరుమోసిన స్వరకర్త లెనర్డ్ బెర్న్‌స్టైన్. ఆ తర్వాత లెడ్ బెలీ, జాష్ వైట్ వచ్చి జానపదాలు పాడారు. 1949 చివర్లో వీవర్స్ బృందం వచ్చింది. ఆ బృందంలోని పీట్ సీగర్ ఒక ముచ్చట చెప్పుకునేవాడు. వారానికి 200 డాలర్లు, తిన్నన్ని హాంబర్గర్లు ఉచితం అని ఒప్పందం. కొన్నాళ్ళకు గోర్డన్ వంటింట్లోకి వచ్చి సీగర్ చేసుకుంటున్న హాంబర్గర్ సైజు చూశాడు. జీతం 250కి పెంచి, ఉచిత హాంబర్గర్లు రద్దు చేశాడు. ఆయన పిసినారి కాడు. లెక్క తెలిసిన మనిషి. లెక్క తెలియనివాడు ఇలాంటి చోటును యాభై ఏళ్ళు నడపలేడు.

ఇక లొరేన్. ఆవిడ ఈ కథలోకి రావడమే గడుసుగా వచ్చింది. న్యూజెర్సీలోని న్యూఅర్క్‌లో 1922లో పుట్టిన ఈవిడకు బడి రోజుల నుంచే జాజ్ రికార్డుల పిచ్చి. బ్లూ నోట్ రికార్డు కంపెనీని స్థాపించిన ఆల్‌ఫ్రెడ్ లయన్‌ను పెళ్ళాడింది. ఆ కంపెనీకి అప్పట్లో ఒక పియానిస్టు రికార్డులు ఇచ్చాడు. పేరు థెలోనియస్ మంక్. ఎవరూ కొనలేదు. లొరేన్ ఆ రికార్డులు చేతపట్టుకుని కొట్టుకొట్టుకూ తిరిగింది. 1948 వేసవిలో మాక్స్ గోర్డన్ కనిపిస్తే పట్టుకుని, మంక్‌ను పిలిచి తీరాలని వాదించింది. పిలిచాడు. సెప్టెంబరులో మంక్ వాన్‌గార్డ్‌లో వాయించాడు. జనం రాలేదు. నా వ్యాపారం ముంచేశావని గోర్డన్ గోల పెడితే, నోరు మూసుకోండి, ఈయన మేధావి అందట. మరుసటి ఏడాది 1949లో ఆవిడ గోర్డన్‌నే పెళ్ళిచేసుకుంది. కొన్నేళ్ళు గడిచాక మంక్ మేధావి అని తాను మొదటి నుంచీ అంటూనే ఉన్నట్టు గోర్డన్ చెప్పుకునేవాడని ఆవిడ నవ్వేది.

మంక్ కథ చెప్పాక ఒక చట్టం గురించి చెప్పక తప్పదు. న్యూయార్కులో 1940 నుంచి 1967 దాకా, మద్యం అమ్మే చోట వాయించాలన్నా వడ్డించాలన్నా పోలీసుల దగ్గర వేలిముద్రలు ఇచ్చి కాబరే కార్డు తీసుకోవాలి. కేసు పడితే కార్డు పోతుంది. కార్డు పోతే ఆ ఊళ్ళో పని లేదు. గాయని బిలీ హాలిడే కార్డు పోయింది. సాక్సఫోను విద్వాంసుడు చార్లీ పార్కర్ కార్డు పోయింది. 1951లో మంక్ కార్డు పోయి, 1957 దాకా తిరిగి రాలేదు. మనిషి సంగీతం పండే వయసులో ఆరేళ్ళు ఆ ఊరి క్లబ్బులకు దూరమయ్యాడు. క్లబ్బు యజమాని ఎంత మంచివాడైనా ఏమీ చేయలేడు, పిలిస్తే తన లైసెన్సు పోతుంది. ఆ కార్డుకు బలైనవాళ్ళలో నల్లజాతివాళ్ళే ఎక్కువ. ఇది చరిత్రలో జాజ్‌కు జరిగిన అన్యాయాల్లో పెద్దదని నా అభిప్రాయం.

1950ల్లో టెలివిజన్ వచ్చింది. హాస్యగాళ్ళనూ గాయకులనూ అది ఎగరేసుకుపోయింది. క్లబ్బు ఇచ్చే డబ్బుకు వాళ్ళు రావడం మానేశారు. గోర్డన్‌కు ఎగువ పేటలో బ్లూ ఏంజెల్ అని మరో క్లబ్బులో భాగముండేది, 1943లో తెరిచింది. అది 1964లో మూతపడింది. వాన్‌గార్డ్‌ను మాత్రం 1957లో పూర్తిగా జాజ్‌కే అప్పగించాడు. గోర్డన్ ఆశయంతో చేసిన పని అని రాసినవాళ్ళున్నారు. నాకైతే గత్యంతరం లేక చేసిన పనిగానే కనిపిస్తుంది. చేశాక దానికి కట్టుబడ్డాడు, అదీ గొప్ప.

ఇక్కడ నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాటొకటుంది. వాన్‌గార్డ్‌లో ఒక బృందాన్ని ఒక రాత్రికి పిలవరు. మంగళవారం నుంచి ఆదివారం దాకా ఆరు రాత్రులు, రాత్రికి రెండు కచేరీలు. ఒకప్పుడు రెండేసి వారాలు కూడా ఇచ్చేవారు. మంగళవారం వాళ్ళు గదిని తడుముకుంటారు. గురువారానికి ఒకరి ఊపిరి ఒకరికి అందుతుంది. శనాదివారాల్లో మనం వినేది వేరే సంగీతం. సాక్ష్యం కావాలా? పియానిస్టు బిల్ ఎవన్స్ తన త్రయంతో అక్కడ రికార్డు చేసింది 1961 జూన్ 25, ఆదివారం. అది వాళ్ళ రెండు వారాల మకాంలో ఆఖరి రోజు. మధ్యాహ్నం, రాత్రి కలిపి ఐదు విడతలు వాయించారు. మొదటి పాట మధ్యలో కరెంటు అంతరాయం, ఆ తెగిన ముక్క కూడా తర్వాత ముద్రించారు. రికార్డు వింటే గ్లాసుల చప్పుడు, ఎవరివో మాటలు, ఎవరిదో నవ్వు వినబడతాయి. వినేవాళ్ళు కొందరు అసలు వినడం లేదు. ఆ గోల మధ్యన స్కాట్ లఫారో బేస్ తీగలు పక్కవాద్యంలా వెనక ఉండిపోకుండా పియానోతో సమానంగా మాట్లాడుతుంటాయి. పదకొండో రోజున, జులై 6న, లఫారో కారు ప్రమాదంలో పోయాడు. వయసు 25. నిర్మాత ఆరిన్ కీప్‌న్యూస్, ఎవన్స్ కలిసి మొదటి రికార్డుకు పాటలు ఎంచినప్పుడు లఫారో రాసినవీ, అతని చేయి బాగా వినబడేవీ ఏరి పెట్టారు. సంస్మరణ అంటే నాకు ఆ రికార్డు గుర్తొస్తుంది.

అంతకుముందే, 1957 నవంబరు 3న, సానీ రోలిన్స్ పియానో కూడా లేకుండా సాక్సఫోను, బేస్, డ్రమ్స్‌తో అక్కడ చేసిన కచేరీని బ్లూ నోట్ రికార్డు చేసింది. వాన్‌గార్డ్‌లో రికార్డయిన మొదటి జాజ్ కచేరీ అదే. చేయించిన లయన్ లొరేన్ మాజీ భర్త, గది ఇచ్చిన గోర్డన్ అప్పటి భర్త. 1961 నవంబరులో సాక్సఫోను విద్వాంసుడు జాన్ కోల్‌ట్రేన్ వంతు. రెండు వారాల మకాంలో నాలుగు రాత్రులు రికార్డు చేశారు. అందులో ఒక రచనకు ఆయన పెట్టిన పేరు ఇండియా. రవిశంకర్ సంగీతం మీద ఆయనకున్న గురి ఎంతంటే 1965లో పుట్టిన కొడుక్కి రవి అని పేరు పెట్టాడు. 1966 మే నెలలో భార్య ఆలిస్‌ను పియానో దగ్గర కూర్చోబెట్టుకుని మళ్ళీ అదే గదిలో రికార్డు చేశాడు. మరుసటి ఏడే పోయాడు. ఆలిస్ తర్వాత సత్యసాయి బాబా భక్తురాలై కాలిఫోర్నియాలో ఆశ్రమం నడిపారు. పుట్టపర్తికీ ఈ నేలమాళిగకూ ఉన్న చుట్టరికం అది. రవి కోల్‌ట్రేన్ పెద్దవాడై సాక్సఫోను పట్టి, తండ్రి నిలబడ్డ చోటే నిలబడి వాయించాడు.

అప్పట్లో వాన్‌గార్డ్‌కు సోమవారం సెలవు. ఆ సెలవు రోజును 1966 ఫిబ్రవరి 7న థాడ్ జోన్స్, మెల్ లూయీస్ తీసుకున్నారు. పగలంతా రికార్డింగ్ స్టూడియోల్లో ఎవరి పాటకో వాయించి డబ్బు సంపాదించుకునే వాద్యకారులు, సోమవారం రాత్రి తమకు నచ్చినది వాయించుకోవడానికి పదహారు పదిహేడు మంది ఆ చిన్న వేదిక మీద ఇరుక్కుని కూర్చున్నారు. జోన్స్ డెన్మార్క్ వెళ్ళిపోయాడు, లూయీస్ 1990లో పోయాడు. ఆర్కెస్ట్రా వాన్‌గార్డ్ పేరునే తన పేరులో పెట్టుకుని సోమవారాలు వాయిస్తూనే ఉంది.

గోర్డన్ 1989 మే 11న పోయాడు. క్లబ్బు మూతపడుతుందని చాలామంది అనుకున్నారు. తాళాలు లొరేన్ తీసుకుంది. వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకిస్తూ 1965లో హనోయ్ దాకా వెళ్ళొచ్చిన మనిషి, ఒక క్లబ్బుకు భయపడుతుందా! ఫోను తనే ఎత్తేది, ఎవరిని పిలవాలో తనే తేల్చేది, నచ్చకపోతే ముఖం మీదే చెప్పేది. వంటకాలు అమ్మడం ఏనాడో మానేశారు. ఆ వంటిల్లే ఆఫీసు, అదే కళాకారుల విడిది. 123 సీట్లు, రెండు కచేరీలు, ఆరు రాత్రులు, అన్నీ నిండినా వారానికి 1,476 టికెట్లు. అద్దె, జీతాలు, పారితోషికాలు అందులోంచీ, మద్యం అమ్మకంలోంచీ రావాలి. పెద్ద హాలుకు మారమని సలహా ఇచ్చేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. ఆవిడ వినలేదు. 2013లో ఆవిడకు అమెరికా ప్రభుత్వ కళానిధి వారి జాజ్ మాస్టర్స్ గౌరవం దక్కింది. వాద్యం పట్టని మనిషికి ఆ గౌరవం! 2018 జూన్ 9న, 95 ఏళ్ళ వయసులో కన్నుమూసింది. ఇప్పుడు కూతురు డెబొరా నడుపుతోంది. కోవిడ్ వల్ల 2020 మార్చిలో మూసి, కొన్నాళ్ళు ఖాళీ గదిలో వాయించి ఇంటర్నెట్‌లో వినిపించి, 2021 సెప్టెంబరులో మళ్ళీ తలుపు తీశారు.

మన దగ్గర విద్వాంసుణ్ణి గౌరవించడం అంటే ఏమిటో మీకు తెలుసు. ముఖ్య అతిథి ముప్పావుగంట మాట్లాడతాడు, శాలువా, జ్ఞాపిక, ఫొటో. అప్పటికి తొమ్మిదవుతుంది. పల్లవి మొదలెట్టే వేళకు హాలు అద్దె గడువు ముగుస్తుంది. వాన్‌గార్డ్‌లో శాలువా లేదు. ఆరు రాత్రులు గది మీది, ఏం వాయిస్తారో మీ ఇష్టం, ఎదుటివాళ్ళను మాట్లాడకుండా మేం చూసుకుంటాం, ఇదీ వాళ్ళ మర్యాద. అక్కడ రికార్డయిన కచేరీలు నూటికి పైగా ఆల్బములుగా వచ్చాయి. నా తీర్పు అడిగితే, ఒక విద్వాంసురాలికి ఇక్కడ ఒకే హాల్లో వరసగా మూడు సాయంత్రాలు ఇచ్చినా మన సంగీతానికి పది సన్మానాల కన్నా ఎక్కువ మేలు.

మీలో చాలామంది పిల్లలు న్యూజెర్సీలో ఉన్నారు. ఈసారి వెళ్ళినప్పుడు ఎడిసన్‌లో రైలెక్కి పెన్ స్టేషన్‌లో దిగండి. అక్కడి నుంచి సబ్‌వేలో 1 నంబరు రైలు పట్టుకుని క్రిస్టఫర్ స్ట్రీట్‌లో దిగితే నాలుగడుగులు. మొదటి కచేరీ రాత్రి ఎనిమిదికి, రెండోది పదికి. సోమవారమైతే ఆర్కెస్ట్రా. టికెట్ ముందే కొనుక్కోండి, సెల్‌ఫోను కట్టేయండి. ఇక ఇక్కడి సంగతి. వచ్చే ఏడాది మూడు సాయంత్రాల కచేరీకి హాలు అద్దె మన సభ దగ్గర లేదు. కార్యదర్శి గారు బయట బల్ల దగ్గర రసీదు పుస్తకంతో కూర్చున్నారు. దయచేసి ఆ బల్ల దాటి వెళ్ళేటప్పుడు ఒక్క నిమిషం ఆగండి.