చదువు కోసం సముద్రం దాటాలా?
(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా విజయవాడలో కళాశాల విద్యార్థులతో చేసిన ప్రసంగ పాఠం)

 

ఆటపాటలు అయ్యాక ప్రసంగం అంటే మీకు ఆకలి గుర్తొస్తుందని మాకు తెలుసు. మీకు అన్నం వండించేదీ మేమే కాబట్టి ఎక్కువసేపు కూర్చోబెట్టం.

డిగ్రీ చివరి ఏడాదికి వచ్చిన పిల్లలు ఈ మధ్య మమ్మల్ని ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "మేడం, పై చదువుకు ఫారిన్ వెళ్ళాలా, వద్దా?" పదేళ్ళ కిందట మన హాస్టళ్ళలో ఈ ప్రశ్న వినపడేది కాదు. ఇప్పుడు వినపడుతోందంటే అదే ఒక సంతోషం. దానికి వార్డెన్లుగా మేము ఇన్నాళ్ళూ సరైన జవాబు చెప్పలేదు. ఇవాళ చెప్పాలనుకుంటున్నాం.

ముందు మనం ఎక్కడ నిలబడి ఈ మాట అడుగుతున్నామో చూసుకుందాం. కృష్ణ మీద విజయవాడ దగ్గర ఆనకట్ట 1855లో పూర్తయింది. కాలువలు పారాయి, డెల్టా పండింది. నీళ్ళు భూమి ఉన్నవాళ్ళ చేలోకి వెళ్ళాయి. పంట డబ్బు బడికీ కాలేజీకీ వెళ్ళింది, ఆ తర్వాతి తరం అమెరికా వెళ్ళింది. ఇవాళ ఈ జిల్లాలో ఏ పెద్ద ఊరికి వెళ్ళినా అమెరికాలో ఉన్నవాళ్ళు కట్టించిన గుడో, బడి గదో, వాటర్ ప్లాంటో కనిపిస్తుంది. వాళ్ళని చూసి మనం కుళ్ళుకోనక్కర్లేదు. కానీ ఒక తేడా మరచిపోకూడదు. వాళ్ళ వెనక ఎకరాలు ఉన్నాయి. అదే కాలువ గట్టు మీద గుడిసె వేసుకున్న మన యానాది కుటుంబానికి ఆ గుడిసె కింది నేల కూడా సొంతం కాదు. విదేశీ చదువు అప్పు సాధారణంగా 7.5 లక్షలు దాటితే బ్యాంకు ఆస్తి హామీ అడుగుతుంది. మనం ఏం చూపిస్తాం?

ఇంకో మాట. మన ఎరుకల తాతలకు పక్క ఊరు వెళ్ళే స్వేచ్ఛ కూడా లేని రోజులున్నాయి. క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కింద పుట్టుకతోనే నేరస్తులని ముద్ర వేశారు. హాజరు వేయించుకోవాలి, అనుమతి చీటీ లేకుండా ఊరు దాటకూడదు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అలా సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చిన సెటిల్‌మెంటే. ఆ చట్టాన్ని మద్రాసు రాష్ట్రంలో 1947లోనూ, దేశమంతటా 1952లోనూ రద్దు చేశారు. ఎంతో కాలం కాలేదు. చీటీ లేనిదే ఊరు దాటని తాత మనవరాలు పాస్‌పోర్ట్ పట్టుకుని సముద్రం దాటుతానంటే, వద్దనే హక్కు ఎవరికుంది?

కానీ మేమే వద్దన్నాం. ఆ సంగతి మీ ముందు ఒప్పుకోవాలి.

కొన్నేళ్ళ కిందట మా దగ్గర ఒక యానాది అమ్మాయి ఉండేది. అమ్మానాన్నలు దివిసీమ వైపు రొయ్యల చెరువుల కాపలాకు వెళ్ళేవాళ్ళు. ఒక్క రాత్రిలో చెరువు చెరువంతా రొయ్య చచ్చి తేలడం చూస్తూ పెరిగిన పిల్ల. రొయ్యల జబ్బుల మీద చదవాలని ఆశ. నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్ విశ్వవిద్యాలయంలో ఆక్వాకల్చర్‌లో పీజీ ఉందని తనే వెతికి, కాగితం మీద రాసుకుని మా దగ్గరికి వచ్చింది. మేమేమన్నాం? "అంత దూరం ఎందుకమ్మా? బీఎడ్ చెయ్యి, డీఎస్సీ రాద్దువు" అన్నాం. ఆ పిల్ల మంచి కోరే అన్నాం. మేము చూసిన దారి అదొక్కటే. అయినా ఆమె పట్టు వదల్లేదు. అప్పుడు చూస్తే పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు. తండ్రి ఇంటిపేరు ఒక్కో కాగితంలో ఒక్కోలా ఉంది. ఇవి సరిచేయించేసరికి స్కాలర్‌షిప్ గడువు దాటిపోయింది. ఇప్పుడు ఒక రొయ్యల ల్యాబ్‌లో పనిచేస్తోంది. "పర్లేదు మేడం" అంటుంది. మాకే పర్లేదు అనిపించడం లేదు. ఆమెను మొదటి ఏడాదే కూర్చోబెట్టుకుని కాగితాలు సరిచూసి ఉంటే ఆ గడువు దాటేది కాదు.

రెండో సంగతి ఒక సుగాలి తమ్ముడిది. మేము వద్దంటామని మాతో చెప్పలేదు. ఒక కన్సల్టెన్సీ మాట నమ్మాడు. అమ్మ మెడలోది, అక్క పెళ్ళికి దాచినది కుదువ పెట్టారు. మిగతాది నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చారు. లెక్క వెయ్యండి. ఇరవై లక్షలకు మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు అరవై వేలు. అసలు కాదు, వడ్డీ ఒక్కటే. అక్కడ కాలేజీ పేరుకే కాలేజీ. రాత్రంతా షాపులో పని, పగలు నిద్ర. రెండో సెమిస్టర్ పూర్తి కాకుండానే తిరిగొచ్చాడు. ఇంటికి మొహం చూపించలేక కొన్నాళ్ళు హైదరాబాద్‌లోనే ఉండిపోయాడు.

ఇలాంటి దెబ్బ మన ఒక్కరికే తగిలిందనుకోకండి. 2011లో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీ మూతపడ్డప్పుడు రోడ్డున పడ్డవాళ్ళలో చాలామంది తెలుగు పిల్లలే. కొందరి కాళ్ళకు నిఘా పట్టీలు కట్టారు. 2019లో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అయితే అసలు అమెరికా ఇమ్మిగ్రేషన్ అధికారులే వల కోసం పెట్టిన ఉత్తుత్తి యూనివర్సిటీ. అక్కడా మనవాళ్ళే దొరికారు. ఎకరాలున్నవాడు దెబ్బతింటే ఒక ఎకరం అమ్మి లేచి నిలబడతాడు. మనం దెబ్బతింటే చెల్లెలి చదువు కూడా ఆగిపోతుంది.

మరి వెళ్ళాలా, వద్దా? వెళ్ళండి. అప్పు మీద కాదు, స్కాలర్‌షిప్ మీద వెళ్ళండి. ఇదే మా జవాబు.

మనకంటే ముందు వెళ్ళినవాళ్ళూ అలాగే వెళ్ళారు. బాబాసాహెబ్ అంబేడ్కర్ 1913లో బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో న్యూయార్క్‌లోని కొలంబియాకు వెళ్ళారు. ఆ గడువు అయిపోతే 1917లో లండన్ చదువు మధ్యలో ఆపి తిరిగి రావలసి వచ్చింది. వదిలెయ్యలేదు. ఇక్కడ ఉద్యోగం చేసి, డబ్బు కూడబెట్టుకుని 1920లో మళ్ళీ వెళ్ళి పూర్తిచేశారు. ముండా తెగకు చెందిన జైపాల్ సింగ్ ఆక్స్‌ఫర్డ్‌లో చదివారు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మన హాకీ జట్టుకు కెప్టెన్. తర్వాత రాజ్యాంగ సభలో ఆదివాసీల తరఫున లేచి మాట్లాడింది ఆయనే.

మీకు బాగా దగ్గరగా అనిపించే మనిషి రామ్ దయాళ్ ముండా. రాంచీ దగ్గర పల్లెలో పుట్టి, షికాగో విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రం చదివి, మిన్నెసోటాలో పాఠాలు చెప్పారు. 1980ల్లో రాంచీకి తిరిగొచ్చి ఆదివాసీ భాషల విభాగాన్ని నిలబెట్టారు. అదే విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయ్యారు. అయినా నగారా వదల్లేదు, నాట్యం వదల్లేదు. ఇంట్లో కుర్రు, గోర్ బోలి మాట్లాడి, హాస్టల్‌కి రాగానే సిగ్గుపడి ఆపేసే పిల్లలూ, ఆయన్ని గుర్తుపెట్టుకోండి. మీరు దాచుకుంటున్న భాష మీద పరిశోధన చెయ్యడానికి షికాగోలో సీటు దొరుకుతుంది.

ఇక పని మాటలు. రాసుకోండి.

కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ ఎస్టీ విద్యార్థులకు జాతీయ విదేశీ స్కాలర్‌షిప్ ఇస్తోంది. పీజీ, పీహెచ్‌డీ, ఆపై పరిశోధనకు మాత్రమే. ఫీజు, అక్కడ బతకడానికి భత్యం, విమాన చార్జీ వస్తాయి. ఇంటి ఆదాయం ఏడాదికి 6 లక్షల లోపు, వయసు 35 లోపు ఉండాలి. కానీ దేశం మొత్తానికి ఏటా 20 మందికే. చాలా తక్కువ. పెంచమని సంఘం తరఫున అడుగుదాం. అడుగుతూనే ఆ 20 మందిలో ఒకరు కృష్ణా డెల్టా నుంచి ఉండేలా చూద్దాం. రాష్ట్ర ప్రభుత్వాల పథకాల పేర్లూ షరతులూ మారుతుంటాయి. పోయిన ఏటి మాట నమ్మకుండా ఈ ఏటి జీవో చదవండి.

ఇవి కాక ఎరాస్మస్ ముండస్ ఉంది. యూరప్‌లో కనీసం రెండు దేశాల్లో పీజీ చదివిస్తారు, నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. బ్రిటన్ ఇచ్చే చెవెనింగ్ ఏడాది పీజీకి. రెండేళ్ళ ఉద్యోగ అనుభవం కావాలి, చదువయ్యాక రెండేళ్ళు సొంత దేశంలో ఉండాలి. జర్మనీలో ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు చాలావాటిలో ఫీజు ఉండదు. అది విని ఊరికే సంబరపడకండి. వీసా కోసం ఏడాది ఖర్చుకు సరిపడా డబ్బు ముందే ఖాతాలో చూపించాలి. 2024 సెప్టెంబర్ నుంచి అది 11,904 యూరోలు. మన లెక్కలో పది లక్షల పైమాటే.

వీటన్నిటికీ తయారీ డిగ్రీ మొదటి ఏడాదే మొదలవ్వాలి. పదో తరగతి సర్టిఫికెట్, ఆధార్, కుల ధ్రువీకరణ పత్రం, మూడూ పక్కపక్కన పెట్టి పేరులో అక్షరం అక్షరం సరిచూసుకోండి. తేడా ఉంటే ఈ నెలలోనే సచివాలయానికి వెళ్ళండి, తోడు మేము వస్తాం. పాస్‌పోర్ట్ తీసుకోండి. ఇంగ్లిష్‌లో రోజూ ఒక పేజీ రాసి ఎవరికైనా చూపించండి, తప్పులకు భయపడొద్దు. కన్సల్టెన్సీ వాళ్ళు చెప్పిన కాలేజీ పేరు విని సంతకం పెట్టే ముందు మా గది తలుపు కొట్టండి. ఈసారి వద్దని పంపించెయ్యం.

ఆఖరుగా, తిరిగి రావాలా అని అడుగుతారు. అందరి చేతా ఒట్టు వేయించుకోం. మన దగ్గర పని దొరక్క అక్కడే స్థిరపడితే అది ద్రోహం కాదు. కానీ వెళ్ళినవాళ్ళు ఒక్క పని చెయ్యండి. దరఖాస్తు ఎలా రాశారో, ఏ కాగితం దగ్గర చిక్కుకున్నారో వెనకవాళ్ళకు చెప్పండి. డెల్టా ఊళ్ళ నుంచి అమెరికా వెళ్ళినవాళ్ళకు అక్కడ ముందే ఒక మేనమామ ఉంటాడు. మన పిల్లలకు అక్కడ ఎవరూ లేరు. మొదట వెళ్ళినవాళ్ళే మిగతావాళ్ళకు ఆ మేనమామ, ఆ మేనత్త కావాలి.

ఆ రొయ్యల ల్యాబ్ అమ్మాయికి ఇంకా ముప్పై నిండలేదు. ఇప్పుడు ఉద్యోగ అనుభవం కూడా ఉంది. పోయిన వారమే ఫోన్ చేశాం. "కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి మేడం, మళ్ళీ పెడతాను" అంది. ఈసారి ఆ దరఖాస్తు పక్కన కూర్చునేది మేమే.

జై భీమ్. జై ఏకలవ్య. జై సేవాలాల్. ఇక భోజనాలకు పదండి.