అమ్మ పెట్టిన సంతకం

నేను ఒమన్‌లో, సొహార్‌లో పైపు ఫిట్టర్‌ని. వచ్చి పదకొండేళ్లయింది. మాది శ్రీకాకుళం జిల్లా, మందస వైపు ఉద్దానం. మా వైపు నుంచి వెల్డర్లు, రిగ్గర్లు, ఫిట్టర్లు ఎంతమంది ఇక్కడ ఉన్నారో మీకు తెలుసు, వింటున్నవాళ్లలోనే సగం మంది ఉంటారేమో.

మొన్న సెలవులో మా ఊళ్లో జరిగిన ట్రైనింగ్ గురించి చెప్పమన్నారు. ట్రైనింగ్ నేను ఇవ్వలేదండీ. బడి వరండాలో బెంచీ మీద కూర్చుని విన్నవాణ్ణి. పర్యావరణ చట్టాల మీద రెండు రోజులు పెట్టారు. విశాఖ నుంచి ఒక లాయరు మేడం, ఆమె దగ్గర ఇంటర్న్‌లుగా ఉన్న ముగ్గురు లా స్టూడెంట్లు వచ్చారు. మేం ఊరివాళ్లం నలభై మంది ఉంటాం.

దానికి ముందు అమ్మ సంతకం సంగతి చెప్పాలి.

2018లో తిత్లీ తుఫాను మా జీడితోట మొత్తాన్ని పడగొట్టేసింది. నేను ఇక్కణ్ణుంచి పంపిన డబ్బుతో ఆ మరుసటి ఏడు మళ్లీ మొక్కలు వేశాం. ఇప్పుడిప్పుడే కాపు నిలబడింది. ఆ తోట పక్కన కొండ ఉంది. ఆ కొండ మీద రాతి క్వారీ, కింద క్రషర్ వస్తాయని నిరుడు కబురు. ఒక రోజు వీడియో కాల్‌లో అమ్మ మామూలుగా అంది: "ఈ రోజు పెద్ద టెంటు ఏసినార్రా. కలెక్టరాపీసోళ్లు వచ్చినారు. సంతకం ఎట్టమన్నారు, ఎట్టీసినాను. టిపినీ పొట్లం ఇచ్చినారు."

నాకు గుండె జారిపోయింది. దేనిమీద పెట్టావమ్మా అంటే, "అందరూ ఎట్టినారు మరి" అంది. కోపం వచ్చి గట్టిగా అరిచాను. తరవాత ఆలోచిస్తే సిగ్గేసింది. రోజూ పొద్దున్నే టూల్‌బాక్స్ టాక్ దగ్గర మనం సంతకం పెడతాం. ఒక్క రోజైనా పైన ఏం రాసుందో చదివామా? ఫోర్‌మన్ షీటు చాపుతాడు, మనం గీకేస్తాం. నేను చేస్తున్న పనే అమ్మ కూడా చేసింది.

ట్రైనింగ్‌లో నేను అడిగిన మొదటి ప్రశ్న ఇదే. మేడం నవ్వలేదు. అది హాజరు పట్టీ అని చెప్పారు. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం, పెద్ద ప్రాజెక్టులకు అనుమతి ఇచ్చే ముందు ప్రజాభిప్రాయ సేకరణ సభ పెట్టాలి. వచ్చినవాళ్ల పేర్లు రాసుకోవాలి. ఆ సంతకం వచ్చామని చెప్పడానికే, ఒప్పుకున్నామని కాదు. అమ్మ అక్కడే కూర్చుని ఉంది. ఆ మాట విన్నాక ఆమె నావైపు చూసిన చూపు మీకు చెప్పలేను.

కానీ మేడం అక్కడ ఆగలేదు. "మరి మీరు ఏం మాట్లాడారమ్మా?" అని అడిగారు. అమ్మ ఏమీ మాట్లాడలేదు. ఊళ్లో చాలామంది మాట్లాడలేదు. కొందరు కుర్రాళ్లు "వద్దు వద్దు" అని అరిచారు. ఆ సభ ఓటింగు కాదట. ఎంతమంది వద్దన్నారని లెక్కపెట్టి ఆపరు. కోరం కూడా లేదు, పదిమంది వచ్చినా సభ సభే. లెక్కలోకి వచ్చేది ఎవరు ఏ విషయం లేవనెత్తారు, దానికి కంపెనీ ఏం జవాబిచ్చింది అన్నది. అది తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాయాలి, వీడియో తియ్యాలి, చివర్లో జనానికి చదివి వినిపించాలి. మా సభలో చదివి వినిపించారో లేదో ఎవరికీ గుర్తులేదు, అప్పటికి టిఫిన్ పొట్లాలు వచ్చేశాయి.

రెండో రోజు ఉత్తుత్తి సభ పెట్టారు. మా పెదనాన్న కలెక్టరు. ఒక ఇంటర్న్ కుర్రాడు కంపెనీ మేనేజరు. వాడు టక్ చేసుకుని "మీ ఊరికి ఉద్యోగాలొస్తాయి" అని మొదలుపెడితే నవ్వులే నవ్వులు. ఇంకో అమ్మాయి కంపెనీ రిపోర్టు తెలుగు సారాంశం చదివింది. కొండ కింద ఉన్నది బంజరు అని ఉంది అందులో. మా పిన్ని లేచి, "బంజరేటమ్మా, పుష్యమాసం నుంచి పూత ఉంటాది. పూత మీద దుమ్ము పడితే పిందె కట్టదు. మా తోటకీ నీ మిషనుకీ ఎన్ని గజాలో చెప్పు" అంది. మేనేజరు వేషం వేసిన కుర్రాడికి నోట మాట రాలేదు. తరవాత నాతో చెప్పాడు, జీడికి పూత ఎప్పుడొస్తుందో తనకు తెలీదని, కాలేజీలో ఎవరూ చెప్పలేదని. ఆ పిల్లలు నోట్‌బుక్కుల్లో రాసుకున్నది చూస్తే, నేర్పడానికి వచ్చారో నేర్చుకోవడానికి వచ్చారో తెలీలేదు. రెండూనేమో.

అసలు సభలో ఈ ఒక్క ప్రశ్న పిన్ని అడిగి ఉంటే రికార్డులో ఉండేది. అప్పటికే ఆలస్యమైపోయింది.

ఎంత ఆలస్యం అన్నది మేడం బోర్డు మీద లెక్క వేశారు. అనుమతి వచ్చాక దానిమీద జాతీయ హరిత ట్రిబ్యునల్‌కి అప్పీలు వేసుకోవడానికి 30 రోజులు. సరైన కారణం చూపిస్తే ఇంకో 60 రోజుల దాకా. 90 దాటితే ఆ దారి మూసుకుపోయినట్టే. మా క్వారీకి అనుమతి వచ్చిందని ఊళ్లో ఎవరికీ తెలీదు. ఇంటర్న్ అమ్మాయి పరివేశ్ వెబ్‌సైట్లో వెతికి, లెటరు తీసి, తేదీ చదివింది. ఆ రోజుకి 58 రోజులు. పంచాయతీ బోర్డు మీద ఆ లెటరు 30 రోజులు అంటించి ఉండాలట. మేం లేచి పంచాయతీ ఆఫీసు దాకా వెళ్లి చూశాం. బోర్డు మీద పల్స్ పోలియో కాగితం ఉంది.

మా పక్కనే సోంపేట. 2010 జూలై 14న థర్మల్ ప్లాంటు వద్దన్న జనం మీద కాల్పులు జరిగి మనుషులు పోయారు. అది మా వైపు చిన్నపిల్లలకి కూడా తెలుసు. అదే రోజు ఢిల్లీలో అప్పటి పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్లాంటు అనుమతి రద్దు చేసిందని మాత్రం నాకు ఈ ట్రైనింగ్ దాకా తెలీదు. ఎవరో బీల భూముల గురించి కాగితాలు పోగేసి, గడువులోగా అప్పీలు వేస్తేనే కదా అది జరిగింది. వాళ్ల గురించి మాకు ఎవరూ చెప్పలేదు.

మాకు 32 రోజులు మిగిలాయి. దక్షిణాది రాష్ట్రాల కేసులు చెన్నై బెంచీలో చూస్తారు. పరిహారం అడగని కేసుకి ఫీజు వెయ్యి రూపాయలు. లాయరు లేకుండా మనమే నిలబడొచ్చు గానీ అంతా ఇంగ్లీషులో నడుస్తుంది, మనవల్ల కాదు. నా పేరు మీద వేద్దామంటే మేడం వద్దన్నారు. నేను తిరిగి వచ్చేస్తాను, అఫిడవిట్ల మీద సంతకాలకి ఎవరు తిరుగుతారు? అమ్మ పేరు మీద వేశాం. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసాయం ఉంది, జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగాలి. 81వ రోజున అప్పీలు దాఖలైంది. ఎందుకు ఆలస్యమైందో చెప్పడానికి ఆ ఖాళీ బోర్డు ఫోటో కూడా పెట్టాం.

ఇక్కడున్న మనకి పనికొచ్చేది ఒకటి చెప్తాను. సభకి కనీసం 30 రోజుల ముందు పేపర్లో నోటీసు వెయ్యాలి, అందులో ఒకటి తెలుగు పేపరు. ఇంట్లో ఎవరో ఒకరు అది ఫోటో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెడితే చాలు. సభకి రాలేనివాళ్లు కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా అభ్యంతరం పంపొచ్చు. ఆ పొలం, ఆ ఇల్లు మనవి కాబట్టి మనం ఒమన్‌లో ఉన్నా రాయొచ్చు. గ్రూపులో తిట్లు పెట్టే టైములో అది అయిపోతుంది. సర్వే నంబరు, దూరం, ఏ నెలలో ఏ పంట, ఏ నుయ్యి అన్నవి రాయండి. కాపీ దాచుకోండి.

కేసు ఏమైందని అడుగుతారు. ఆలస్యాన్ని మన్నించాలా వద్దా అన్నదాని మీదే ఇంకా వాదన నడుస్తోంది. కొండ మీదికి దారి వెయ్యడం మాత్రం ఆగలేదు. మొన్న అమ్మ వకాలత్ మీద సంతకం పెట్టాల్సి వచ్చింది. ఇంటర్న్ అమ్మాయి ఫోన్లో తెలుగులో అంతా చదివి వినిపించే దాకా పెన్ను ముట్టుకోలేదట. నలభై నిమిషాలు పట్టిందట. ఆ అమ్మాయే నాకు మెసేజ్ పెట్టింది, "ఆంటీ ప్రతి లైనుకీ అర్థం అడుగుతున్నారు అన్నా" అని.